పిల్లల వాటా పిల్లలదే

సాయమ్మ అనే తల్లి ఉంది అనుకుందాం. ఆమె భర్త పేరు వెంకయ్య. వాళ్ళకు ఇద్దరు పిల్లలు. కూతురు రాణికి పదేళ్ళు. కొడుకు రాజుకు ఆరేళ్ళు. వెంకయ్య తల్లి కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది.

వెంకయ్య కష్టపడి నాలుగు ఎకరాల పొలం కొన్నాడు. ఒకరోజు పొలంలో పాము కరిచింది. ఆస్పత్రికి చేరేలోగా ప్రాణం పోయింది. వీలునామా ఏదీ రాయలేదు. ముప్పై అయిదేళ్ళ మనిషికి వీలునామా రాయాలని ఎందుకు తోస్తుంది?

పెద్దకర్మ అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. మర్నాడు వెంకయ్య తమ్ముడు ఒక కాగితం తెచ్చాడు.

"వదినా, ఇక్కడ ఒక సంతకం పెట్టు. పొలం నా పేరున రాయిస్తాను. ఆడదానివి, ఆఫీసుల చుట్టూ నువ్వేం తిరుగుతావు? పిల్లలు చూస్తే చిన్నోళ్ళు. పెద్దయ్యాక వాళ్ళ పొలం వాళ్ళకే ఇస్తాను. నేనేమన్నా పరాయివాణ్ణా?" అన్నాడు.

సాయమ్మ కాగితం చేతిలోకి తీసుకుంది. రెండేళ్ళ కిందట అయితే వేలిముద్ర వేసేది. ఇప్పుడు ఆమెకు చదవడం వచ్చు. కూడబలుక్కుంటూ ఒక్కొక్క మాటే చదివింది. పెద్దయ్యాక తిరిగి ఇస్తానన్న మాట అందులో ఎక్కడా లేదు. "నా హక్కులూ, నా మైనరు పిల్లల హక్కులూ పూర్తిగా వదులుకుంటున్నాను" అని ఉంది.

"నాల్రోజులు ఆగు నాయనా. కనుక్కుని చెప్తాను" అంది సాయమ్మ.

మరిదికి కోపం వచ్చింది. అత్త ఏడ్చింది. సాయమ్మకు భయం వేసింది. అయినా సంతకం పెట్టలేదు.

సాయమ్మ చేసింది సరైన పనేనా? చట్టం ఏం చెబుతోంది? తెలుసుకుందాం.

వీలునామా లేకపోతే ఆస్తి ఎవరిది?

తాను పోయాక తన ఆస్తి ఎవరికి చెందాలో మనిషి రాసిపెట్టే కాగితమే వీలునామా. మన ఊళ్ళలో వీలునామా రాసేవాళ్ళు తక్కువ. అది లేకుండా మనిషి పోతే ఆస్తిని ఎలా పంచాలో చట్టమే చెబుతుంది. ఆస్తి అందుకునే వాళ్ళను వారసులు అంటారు.

హిందువులకు 1956లో వారసత్వ చట్టం వచ్చింది. బౌద్ధులకూ, జైనులకూ, సిక్కులకూ ఇదే చట్టం.

మగమనిషి సొంతంగా సంపాదించిన ఆస్తిని స్వార్జితం అంటారు. వెంకయ్య కొన్న పొలం స్వార్జితం. దానికి మొదటి వరస వారసులు ఎవరంటే:

అతని తల్లి. అతని భార్య. అతని కొడుకులు. అతని కూతుళ్ళు.

వీళ్ళందరికీ సమాన వాటాలు. కొడుకుకు ఎక్కువ, కూతురికి తక్కువ అనేది లేదు. పెళ్ళయిన కూతురికీ వాటా ఉంది. "కట్నం ఇచ్చాం కదా, ఇంకేం వాటా?" అనే మాట చట్టం ముందు చెల్లదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. పొలం నాలుగు ఎకరాలు. వారసులు నలుగురు.

వెంకయ్య తల్లికి 1 ఎకరం.
సాయమ్మకు 1 ఎకరం.
రాణికి 1 ఎకరం.
రాజుకు 1 ఎకరం.

మరి తమ్ముడికి? ఏమీ రాదు. మొదటి వరసలో ఒక్కరు ఉన్నా చాలు, అన్నదమ్ములకు వాటా రాదు. వెంకయ్య తండ్రి బతికి ఉన్నా ఈ పొలంలో ఆయనకు వాటా లేదు. తల్లికి మాత్రం ఉంది. ఆ సంగతి సాయమ్మ మరచిపోకూడదు. అత్త వాటా అత్తదే.

ఏ పిల్లలకు వాటా ఉంది?

తండ్రి పోయేనాటికి తల్లి కడుపులో ఉన్న బిడ్డకూ వాటా ఉంది. ఆ బిడ్డ ప్రాణంతో పుడితే చాలు.

చట్టప్రకారం దత్తత తీసుకున్న బిడ్డకు కన్నబిడ్డతో సమానంగా వాటా ఉంది.

మొదటి భార్య పిల్లలకూ ఉంది. మొదటి భార్య ఉండగానే చేసుకున్న రెండో పెళ్ళి చెల్లదు. ఆ రెండో ఆవిడకు భార్యగా వాటా రాదు. కానీ ఆమెకు పుట్టిన పిల్లలకు తండ్రి ఆస్తిలో వాటా వస్తుంది. పెద్దవాళ్ళ తప్పుకు పిల్లల్ని శిక్షించకూడదు కదా.

తాతల నాటి ఆస్తి అయితే?

తాత ముత్తాతల నుంచి పంపకం కాకుండా వస్తున్న ఆస్తిని పిత్రార్జితం అంటారు. ఇందులో పిల్లలకు పుట్టుకతోనే హక్కు ఉంటుంది. ఒకప్పుడు ఈ హక్కు కొడుకులకే ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి కూతుళ్ళకూ వచ్చింది. కానీ అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకే వచ్చింది. 2005లో దేశం అంతటికీ చట్టం మారింది. పెళ్ళి అయినా కాకపోయినా కూతురు కొడుకుతో సమానం అయింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురికి ఈ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

దీని లెక్క వేరుగా ఉంటుంది. అన్నదమ్ముల మధ్య పంచితే వెంకయ్య భాగానికి పిత్రార్జితం మూడు ఎకరాలు వస్తుంది అనుకుందాం. ముందు ఆ మూడు ఎకరాల్లో తండ్రికి ఒకటి, రాణికి ఒకటి, రాజుకు ఒకటి. ఆ తరువాత తండ్రి వాటా ఒక్క ఎకరాన్నే తల్లి, భార్య, కూతురు, కొడుకు పంచుకోవాలి. తలా 25 సెంట్లు. గుంటల లెక్కలో తలా 10 గుంటలు.

చివరికి రాణికి ఎకరం పాతిక సెంట్లు. రాజుకు ఎకరం పాతిక సెంట్లు. సాయమ్మకు 25 సెంట్లు. అత్తకు 25 సెంట్లు. చూశారా? పిత్రార్జితంలో పిల్లల వాటాయే పెద్దది.

ఒక జాగ్రత్త. పంపకం కాని ఉమ్మడి ఆస్తిని కుటుంబ పెద్ద చూస్తాడు. కుటుంబం మొత్తానికి నిజమైన అవసరం వస్తే అమ్మే అధికారం కూడా ఆయనకు ఉంటుంది. సొంత లాభానికి అమ్మే అధికారం లేదు. అందుకే తండ్రి పోయిన పిల్లల భాగం ఎంతో తేల్చుకోవడం మంచిది. పంపకం అన్యాయంగా జరిగితే పిల్లలు కోర్టుకు వెళ్ళి మళ్ళీ పంచమని అడగవచ్చు.

తండ్రి ముందు పోయి, తాత తరువాత పోతే?

"నీ తండ్రే లేడు. తాత ఆస్తిలో నీకేం వాటా?" అని కొందరు పిల్లల్ని తోసేస్తారు. ఇది తప్పు. తాతకు ముగ్గురు సంతానం అనుకోండి. అందులో ఒక కొడుకు ముందే పోయాడు. అతని భాగం ఎక్కడికీ పోదు. అతని భార్యకూ పిల్లలకూ కలిపి ఆ ఒక్క భాగం వస్తుంది. ముందే పోయింది కూతురు అయితే ఆ కూతురి పిల్లలకు ఆమె భాగం వస్తుంది.

తల్లి పోతే?

తల్లి పేరున ఇల్లు ఉండవచ్చు. పొలం ఉండవచ్చు. పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం ఉండవచ్చు. ఆమె వీలునామా రాయకుండా పోతే అవన్నీ ఆమె కొడుకులకూ, కూతుళ్ళకూ, భర్తకూ సమానంగా వస్తాయి. తల్లి నగలు అత్తగారి పెట్టెలోనో, మేనమామ ఇంట్లోనో ఉండిపోతే పిల్లల హక్కు పోదు. ఏమేం నగలు ఉన్నాయో వెంటనే ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

కాపలా వేరు, హక్కు వేరు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళను మైనర్లు అంటారు. మైనరుకు వాటా ఉంటుంది. కానీ చూసుకునే వయసు ఉండదు. అందుకని ఒక సంరక్షకుడు కావాలి. తండ్రి లేకపోతే తల్లే సంరక్షకురాలు. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చేనికి కాపలా ఉన్నవాడు చేనుకు యజమాని కాదు. సంరక్షణ కూడా అంతే. తల్లి పిల్లల పొలం సాగు చేయించవచ్చు. పంట డబ్బుతో పిల్లలకు తిండి పెట్టవచ్చు, చదివించవచ్చు. కానీ కోర్టు అనుమతి లేకుండా పిల్లల వాటా పొలాన్నీ, ఇంటినీ అమ్మకూడదు. తాకట్టు పెట్టకూడదు. దానం ఇవ్వకూడదు. అయిదేళ్ళకు మించి కౌలుకు ఇవ్వకూడదు. ఇది 1956లోనే వచ్చిన మరో చట్టం.

బిడ్డకు పెద్ద జబ్బు చేసింది. పొలం అమ్మితే గానీ వైద్యం జరగదు. అప్పుడు తల్లి కోర్టులో దరఖాస్తు పెట్టాలి. బిడ్డకు నిజంగా అవసరం ఉంటేనో, స్పష్టమైన లాభం ఉంటేనో కోర్టు ఒప్పుకుంటుంది.

తల్లికే ఇన్ని కట్టుబాట్లు ఉంటే బాబాయికో, పెదనాన్నకో, మేనమామకో ఏం అధికారం ఉంటుంది? పిల్లల్ని తెచ్చి పెంచినా సరే, అంతమాత్రాన పిల్లల ఆస్తి అమ్మే అధికారం వాళ్ళకు రాదు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లలకు ఆస్తి ఉంటే, పెంచేవాళ్ళు కోర్టుకు వెళ్ళి సంరక్షకులుగా ఉత్తర్వు తెచ్చుకోవాలి.

కోర్టు అనుమతి లేకుండా తల్లి అమ్మితే ఏమవుతుంది? బిడ్డ పెద్దయ్యాక ఆ అమ్మకాన్ని రద్దు చేయమని అడగవచ్చు. పద్దెనిమిదేళ్ళు నిండిన తరువాత మూడేళ్ళలోపు అడగాలి. అంటే ఇరవై ఒకటి నిండేలోగా. ఆ గడువు దాటితే కష్టం. కొనేవాళ్ళు కూడా ఇది గుర్తుంచుకోవాలి. మైనరు వాటా చవగ్గా వస్తోందని కొంటే, రేపు అదే పిల్లవాడు కోర్టు నోటీసు పంపించవచ్చు.

ఇప్పుడు సాయమ్మ చదివిన కాగితం గుర్తు చేసుకోండి. సాయమ్మ కావాలంటే తన వాటా వదులుకోవచ్చు. పిల్లల వాటా వదులుకోవడానికి ఆమెకు అధికారమే లేదు. అయినా సంతకం పెట్టి ఉంటే ఏమయ్యేది? మరిది పేరున పొలం ఎక్కేది. అతను దాన్ని మరొకరికి అమ్మేవాడేమో. పిల్లలు పెద్దయ్యాక ఏళ్ళ తరబడి కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చేది. హక్కు ఉండడం ఒక ఎత్తు, దాన్ని తిరిగి రాబట్టుకోవడం ఒక ఎత్తు.

ఏ కాగితాలు కావాలి?

దుఃఖంలో ఉన్న ఇంటికి కాగితాల సంగతి తోచదు. కానీ ఆలస్యం చేసేకొద్దీ చిక్కులు పెరుగుతాయి. వరసగా ఈ పనులు చేయండి.

ఒకటి. మరణాన్ని 21 రోజులలోపు నమోదు చేయించాలి. ఊళ్ళో అయితే గ్రామ పంచాయతీలో, పట్నంలో అయితే మున్సిపాలిటీలో. గడువులోపు అయితే రుసుము లేదు. గడువు దాటితే రుసుము కట్టాలి. ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు కావాలి. మరణ ధ్రువపత్రం నాలుగైదు నకళ్ళు తీసుకోండి. ప్రతి ఆఫీసులోనూ అడుగుతారు.

రెండు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోవాలి. దీన్ని తహశీల్దారు ఇస్తారు. మీసేవలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. అందులో పిల్లలందరి పేర్లూ ఉన్నాయో లేదో చదివి చూసుకోండి. కూతుళ్ళ పేర్లు వదిలేయడం చాలా చోట్ల జరుగుతుంది. కడుపులో బిడ్డ ఉంటే ఆ సంగతీ చెప్పండి.

మూడు. పొలం పట్టా వారసుల పేర్లకు మార్పించాలి. కొన్ని చోట్ల దీన్ని విరాసత్ అంటారు. తహశీల్దారుకు దరఖాస్తు పెట్టాలి. తెలంగాణలో ఈ పని 2020 నుంచి ధరణిలో జరిగేది. 2025లో భూభారతి చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1-బి, అడంగల్ చూసుకోవాలి. పిల్లల పేరు పక్కన "మైనరు, సంరక్షకురాలు తల్లి" అని రాయించాలి.

ఇక్కడ ఒక మాట. పట్టాలో పేరు ఎక్కినంత మాత్రాన ఎవరూ యజమాని అయిపోరు. పేరు లేనంత మాత్రాన పిల్లల హక్కు పోదు. బాబాయి ఇప్పటికే తన పేరున పట్టా చేయించుకున్నా దిగులు పడకండి. అడిగే హక్కు ఉంది. కానీ ఆలస్యం చేయకండి.

నాలుగు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఇ.సి. తీసుకోండి. ఆ పొలాన్ని ఎవరైనా రిజిస్టరు చేసి అమ్మారా, తాకట్టు పెట్టారా అన్నది దాంట్లో తెలుస్తుంది.

అయిదు. బ్యాంకులో, పోస్టాఫీసులో డబ్బు ఉందేమో కనుక్కోండి. పాసుపుస్తకాలూ, బీమా బాండ్లూ వెతకండి. బ్యాంకు డబ్బు నామినీ చేతికి ఇస్తారు. కానీ నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాత్రమే. ఆ డబ్బులో వారసులందరికీ వాటా ఉంటుంది. నామినీ లేకుండా పెద్ద మొత్తం ఉంటే సివిల్ కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తెమ్మని బ్యాంకు అడగవచ్చు.

పిల్లల వాటాకు వచ్చిన డబ్బును ఇంటి ఖర్చులో కలపకండి. పిల్లల పేరున బ్యాంకులో డిపాజిట్ చేయండి. పెళ్ళిళ్ళకో, వడ్డీలకో తీసి ఇమ్మని చుట్టాలు అడుగుతారు. "అది పిల్లల డబ్బు" అని చెప్పండి.

తండ్రి అప్పు పిల్లలు తీర్చాలా?

మనిషి పోగానే అప్పులవాళ్ళు వస్తారు. కొందరిది నిజమైన అప్పు. కొందరు దొంగ నోట్లు తెస్తారు. నోటు చూపించమని అడగండి. సంతకం, తేదీ చూడండి.

నిజమైన అప్పు అయితే పోయిన మనిషి ఆస్తిలోంచి తీర్చాలి. ఆ ఆస్తి విలువకు మించి పిల్లలు తీర్చనక్కర్లేదు. పిల్లలు రేపు కూలి చేసి సంపాదించే డబ్బు మీద అప్పులవాడికి హక్కు లేదు. పిల్లల్ని పనికి పెట్టి అప్పు తీర్చమనడం నేరం. తల్లి కంగారుపడి కొత్త నోటు రాసి ఇవ్వకూడదు. రాస్తే అది ఆమె సొంత అప్పు అవుతుంది.

తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే?

భర్త పోయిన తరువాత ఆమెకు వచ్చిన వాటా ఆమెదే. మళ్ళీ పెళ్ళి చేసుకున్నా పోదు. పిల్లల వాటా కూడా ఎక్కడికీ పోదు. "నువ్వు పెళ్ళి చేసుకుంటే పిల్లల ఆస్తి మాది" అని అత్తింటివాళ్ళు అంటే నమ్మకండి. కొత్త భర్తకు కూడా ఆ పిల్లల ఆస్తి మీద హక్కు లేదు.

మిగతా మతాలవాళ్ళకు

క్రైస్తవులకు 1925 నాటి చట్టం ఉంది. తండ్రి పోతే మూడింట ఒక వంతు భార్యకు. మిగతా రెండు వంతులు కొడుకులకూ కూతుళ్ళకూ సమానంగా.

ముస్లింలకు షరియత్ ప్రకారం వాటాలు ఉంటాయి. పిల్లలు ఉంటే భార్యకు ఎనిమిదో వంతు. తల్లికీ తండ్రికీ కూడా వాటాలు ఉంటాయి. మిగిలిన దాంట్లో కొడుకుకు రెండు వంతులు, కూతురికి ఒక వంతు. తాత కంటే తండ్రి ముందు పోతే, వేరే కొడుకు బతికి ఉన్నప్పుడు, తాత ఆస్తి ఆ మనవలకు మామూలుగా రాదు. అందుకని తాత బతికి ఉండగానే మనవలకు మూడో వంతు దాకా వీలునామా రాయవచ్చు. ఇది ముస్లిం పెద్దలు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి.

గిరిజనులకు హిందూ వారసత్వ చట్టం మామూలుగా వర్తించదు. వాళ్ళ ఆచారం ప్రకారం పంపకం జరుగుతుంది. ఏజెన్సీలో గిరిజనుల భూమిని గిరిజనేతరులకు అమ్మడం చెల్లదు. 1/70 చట్టం అంటే అదే.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

"కోర్టు అంటే డబ్బు కావాలి, మాకెక్కడిది?" అంటారు. ఆడవాళ్ళకూ, పిల్లలకూ, షెడ్యూల్డు కులాలవాళ్ళకూ, షెడ్యూల్డు తెగలవాళ్ళకూ ఉచితంగా న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం ఉంది. ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆదాయం ఎంత అని కూడా చూడరు. వకీలును ప్రభుత్వమే పెడుతుంది. మీకు దగ్గరి కోర్టులో న్యాయసేవా సంస్థ ఎక్కడో అడగండి. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. వాటాల లెక్క చిక్కుగా ఉంటే అక్కడి వకీలు చేత వేయించుకోండి. అందరూ ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు.

సాయమ్మ ఏం చేసింది?

సాయమ్మ న్యాయసేవా సంస్థకు వెళ్ళింది. సంగతి అంతా తెలుసుకుంది. ఇంటికి వచ్చి అత్తనూ మరిదినీ కూచోబెట్టింది.

"అత్తా, నీ ఎకరం నీదే. దాన్ని నేను ముట్టను. నాయనా, నువ్వు పరాయివాడివి కాదు. పొలం నువ్వే చెయ్యి. ఊళ్ళో అందరూ ఇచ్చే కౌలు మాకూ ఇవ్వు. ఏడాదికి ఒకసారి కాగితం రాసుకుందాం. పట్టా మాత్రం మా నలుగురి పేరునే ఉంటుంది. రేపు నా బిడ్డలు అడిగితే నేను జవాబు చెప్పుకోవాలి కదా" అంది.

మరిది రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నాగలి కట్టాడు. చుట్టరికం నిలిచింది. పిల్లల పొలమూ నిలిచింది.

గుర్తుంచుకోండి

తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి. చదవని కాగితం మీద అసలే పెట్టకండి.
కూతురికీ కొడుకుకూ సమాన వాటా.
పిల్లల ఆస్తికి తల్లి కాపలా మాత్రమే. అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి.
మరణం నమోదుకు గడువు 21 రోజులు.
రద్దు అడగడానికి గడువు ఇరవై ఒక్క ఏళ్ళు నిండేలోగా.

మాట్లాడుకోండి

మీ ఊళ్ళో తండ్రి లేని పిల్లలు ఉన్నారా? వాళ్ళ పొలం ఎవరి పేరున ఉంది?
మీ ఇంటి కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఆడపిల్లల పేర్లు ఉన్నాయా?
సాయమ్మకు చదవడం రాకపోయి ఉంటే ఏం జరిగేది?